కుంభారి ఇళ్లలో వీడియో గేమ్: టీవీకి తగిలించేదా, చేతిలో పట్టేదా?

వీడియో గేమ్ ఆడే యంత్రాన్ని కొనదలచిన కుటుంబం మొదట తేల్చుకోవలసింది, టీవీకి తగిలించి ఆడే యంత్రం కావాలా, చేతిలో పట్టుకొని ఆడే యంత్రం కావాలా అన్న విషయం. మొదటి రకాన్ని హోమ్ కన్సోల్ అంటారు. దానికి సొంత తెర ఉండదు కనుక బొమ్మను హెచ్‌డీఎంఐ అనే తీగ ద్వారా టీవీకి పంపుతుంది, ఆడేవారి ఆజ్ఞలను కంట్రోలర్ అనే చేతి మీటల పెట్టె ద్వారా అందుకుంటుంది, గోడకున్న కరెంటు ప్లగ్గు లేనిదే నడవదు. రెండవ రకమైన హ్యాండ్‌హెల్డ్‌లో తెర, మీటలు, స్పీకరు, బ్యాటరీ అన్నీ ఒకే పలకలో ఇమిడి ఉంటాయి. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పే వాదనలు చాలావరకు లోపలి చిప్ వేగాన్నీ తెర మీది బొమ్మ స్పష్టతనూ కొలిచి తీర్పు ఇస్తాయి. షోలాపూర్ పక్కనున్న కుంభారిలోని కార్మికుల ఇళ్లకు ఆ కొలత సరిపోదు. అక్కడ ముందుగా చూడవలసింది, ఇంట్లో ఉన్న ఒక్క టీవీ ఏ గంటల్లో ఎవరి కోసం నడుస్తోందన్నది.

కుంభారి దక్షిణ షోలాపూర్ తాలూకాలో, అక్కల్‌కోట్‌కు వెళ్లే దారిలో ఉంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి తెలంగాణ జిల్లాలను విడిచి బతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలీలు షోలాపూర్ తూర్పు పేటల్లో స్థిరపడి, చద్దర్లకూ టెర్రీ తువ్వాళ్లకూ ఆ నగరం దేశమంతటా పేరు పొందేలా చేశారు. మగవారిలో ఎక్కువమందికి మరమగ్గాలు, ఆడవారిలో ఎక్కువమందికి బీడీలు జీవనాధారమయ్యాయి. ఆ పేటల ఇరుకు అద్దె ఇళ్ల నుంచి సొంత ఇంటికి చేరాలన్న కార్మికుల పోరాటానికి నర్సయ్య ఆడం నాయకత్వం వహించగా, వార్లీ ఆదివాసీల ఉద్యమ నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్న మహిళా బీడీ కార్మికుల సహకార గృహనిర్మాణ సంఘం కుంభారిలో 10,000 ఇళ్లను కట్టించింది. వాటిని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ కార్మికులకు అప్పగించారు. ఆ తరువాత అక్కడే రే నగర్ పేరుతో 30,000 ఇళ్ల పథకం మొదలై, అందులో 15,000 ఇళ్లు 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ చేతుల మీదుగా మరమగ్గాల కార్మికులకు, బీడీ కార్మికులకు, చెత్త ఏరుకొని బతికేవారికి, డ్రైవర్లకు అందాయి. రే నగర్‌లో ఒక్కో ఇల్లు సుమారు 300 చదరపు అడుగులు. వంట, నిద్ర, పిల్లల చదువు, బీడీల పని, బంధువుల రాకపోకలు అన్నీ జరగవలసినది ఆ కొలతలోనే.

ఈ ఇళ్లలో టీవీ స్థానం అర్థం కావాలంటే బీడీల పనిని కొంచెం దగ్గరగా చూడాలి. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకున్న స్త్రీ ఆకును తడిపి, మెత్తబడ్డాక రేకు అచ్చు ఆనించి కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించుకుంటుంది. ఆ తరువాత చాట ఒడిలో పెట్టుకొని, ముక్క మీద చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్లతో బిగువుగా చుట్టి, కొస మడిచి, దారం బిగిస్తుంది. పనిని వందల్లో, వేలల్లో లెక్కిస్తారు కనుక చేతులు ఆగడానికి వీలుండదు. కళ్లు చాట మీద, చెవులు టీవీ మీద ఉంటాయి. తెలుగు సీరియల్ ఆ సమయంలో కాలక్షేపం మాత్రమే కాదు. గంటల తరబడి ఒకే కదలికను తిరిగి తిరిగి చేసే మనిషికి ఆ పనిని సహించగలిగేలా చేసే తోడు అది. హోమ్ కన్సోల్ కొన్న మరునాటి సాయంత్రం ఆ తోడు ఆగిపోతుంది. ఇంటి ఆదాయంలో తన వాటాను ఆ టీవీ ఎదుట కూర్చొని సంపాదిస్తున్న మనిషికే టీవీ లేకుండా పోవడం న్యాయం కాదు. ఆటయంత్రాల గురించి వచ్చే సలహాల్లో ఈ మాట కనిపించదు. ఆ సలహాలు ఇచ్చేవారి ఇళ్లలో పిల్లల గదికి వేరే తెర ఉండడమే దానికి కారణం కావచ్చు.

శబ్దం సంగతి వేరు, బొమ్మ సంగతి వేరు అని గమనించాలి. ప్లేస్టేషన్ 5 వంటి హోమ్ కన్సోల్‌ల కంట్రోలర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది కనుక ఆట శబ్దం ఆడేవారి చెవులకే పరిమితం చేయవచ్చు, పక్కన నిద్రపోతున్న రాత్రి షిఫ్టు కార్మికుడిని లేపకుండా ఉండవచ్చు. కాని టీవీ తెర ఒక్కసారికి ఒక్క బొమ్మనే చూపుతుంది. టీవీ వెనకాల పరిస్థితినీ కొనేముందే చూసుకోవాలి. గోడకు బిగించిన 32 అంగుళాల టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రాలు సాధారణంగా రెండు మూడు ఉంటాయి, అందులో ఒకటి సెట్‌టాప్ బాక్సుకు పోతుంది. మిగిలినది గోడ వైపు తిరిగి ఉంటే ప్రతిసారీ టీవీని కదిలించి వేళ్లతో తడిమి తీగ గుచ్చవలసి వస్తుంది. పాత గాజు బుడ్డి టీవీలకు ఆ రంధ్రమే ఉండదు. 2020 నాటి ప్లేస్టేషన్ 5 దాదాపు 39 సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర కిలోల బరువు ఉన్న పెట్టె. దాన్ని దేవుడి పటాలు, స్టీలు గిన్నెలు పేర్చిన షోకేసులో అద్దం తలుపు వెనక పెడితే వేడి బయటికి పోదు, నేల మీద పెడితే తంబాకు పొడి లోపలికి పోతుంది.

ఈ వేడి, దుమ్ముల సంగతి నేతపేటలో మరింత ముఖ్యం. కొత్త తరం ఆటయంత్రాలలో చాలావాటి లోపల చిన్న ఫ్యాను తిరుగుతూ బయటి గాలిని పీల్చి, చిప్ మీదుగా పంపి, వేడిని వెళ్లగొడుతుంది. మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి జుట్టుకూ చొక్కాకూ అంటుకొని వచ్చే దూది నూగు, ఇంట్లో లేచే తంబాకు పొడి ఆ గాలితోపాటే లోపలికి పోయి, చిప్ మీద అమర్చిన లోహపు రెక్కల మధ్య చాపలా పేరుకొని గాలికి దారి మూసేస్తాయి. ప్లేస్టేషన్ 5ను గాని, చేతిలో పట్టే నింటెండో స్విచ్‌ను గాని 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని తయారీదారులే చెబుతున్నారు, కాని ఏప్రిల్, మే నెలల్లో షోలాపూర్ పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, స్లాబు కింద గది సాయంత్రానికి కూడా త్వరగా చల్లబడదు. ఈ విషయంలో రెండు రకాలకూ చిక్కు ఉంది. హోమ్ కన్సోల్ ఫ్యాను మోత పెరిగి, చివరకు తనంతట తానే ఆగిపోతుంది. హ్యాండ్‌హెల్డ్‌లోని లిథియం బ్యాటరీ వేడిలో ఛార్జింగ్ పెట్టిన కొద్దీ నిల్వ శక్తిని త్వరగా కోల్పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆట మాని, ఛార్జింగ్ తెల్లవారుజామున పెట్టుకోవడమే రెండింటికీ క్షేమం. ఈ నియమం సెలవుల్లో ఇంట్లో ఉండే పిల్లలకు కష్టమనిపించినా, యంత్రం బతికేది దానివల్లే.

కరెంటు ఖర్చులో మాత్రం తేడా చాలా ఉంది. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆట నడిపేటప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది, అంటే ఐదు గంటల ఆటకు ఒక యూనిట్ ఖర్చవుతుంది, టీవీ ఖర్చు అదనం. 40 వాట్-గంటల బ్యాటరీ ఉన్న హ్యాండ్‌హెల్డ్‌ను అదే ఒక్క యూనిట్‌తో ఇరవై సార్లు నింపవచ్చు. కరెంటు పోయినప్పుడు హోమ్ కన్సోల్ ఉన్నపళంగా ఆగిపోయి, అప్పటిదాకా భద్రపరచని ఆటను పోగొడుతుంది. హ్యాండ్‌హెల్డ్ ఆ సంగతి ఎరగనట్టు సాగిపోతుంది, మీట నొక్కితే ఆట మధ్యలోనే నిద్రపోయి, మళ్లీ నొక్కినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. బడి, ట్యూషను, ఇంటి పనుల మధ్య ఇరవై నిమిషాలు మాత్రమే దొరికే పిల్లలకు ఈ సౌకర్యం చిప్ వేగం కన్నా విలువైనది.

ధర దగ్గరకు వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. చిన్నది చవక, పెద్దది ఖరీదు అన్న సహజమైన ఊహ భారతీయ మార్కెట్టులో అన్నిసార్లూ నిలవదు. ప్లేస్టేషన్ 5 భారతదేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ రకం 49,990 రూపాయలకు, డిస్క్ లేని రకం 39,990 రూపాయలకు విడుదలయ్యాయి. అంతకు కొద్ది నెలల ముందు వచ్చిన మరో హోమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ధర అప్పుడు 34,990 రూపాయలు. కాగా కంపెనీ సర్వీసుతో అధికారికంగా దొరికే హ్యాండ్‌హెల్డ్‌లలో పేరున్న ఆసుస్ ఆర్ఓజీ ఆలై 2023లో 69,990 రూపాయలకు వచ్చింది. ఏడు అంగుళాల తెర గల ఆ పలక నిజానికి విండోస్ కంప్యూటరే. పెద్ద ఆటలు ఆడితే దాని బ్యాటరీ రెండు గంటలకు అటూఇటుగా ఖాళీ అవుతుంది. 2017 మార్చిలో లోకానికి పరిచయమైన నింటెండో స్విచ్ చేతిలోనూ ఆడవచ్చు, డాక్ అనే గూటిలో నిలబెడితే టీవీకీ కలుస్తుంది. కాని అది ఇక్కడికి ఎక్కువగా దిగుమతిదారుల ద్వారా చేరుతుంది, చెడిపోతే బాధ్యత అమ్మిన దుకాణందారు మాట మీదే ఆధారపడుతుంది. దాని తమ్ముడైన స్విచ్ లైట్ టీవీకి కలవదన్న సంగతి కొనేముందు తెలియక నష్టపోయే అవకాశం ఉంది. ప్లేస్టేషన్ పోర్టల్ అనే మరో పలక చూడటానికి హ్యాండ్‌హెల్డ్‌లా ఉన్నా, ఇంట్లో ప్లేస్టేషన్ 5, మంచి వైఫై ఉంటే తప్ప పెద్దగా పనికిరాదు.

యంత్రం ధరతో ఖర్చు ముగియదు. ప్లేస్టేషన్ 5 కొత్తగా వచ్చినప్పుడు దాని పెద్ద ఆటల ధర ఒక్కోటి 4,999 రూపాయలదాకా పలికింది, అంటే పది ఆటలు కొంటే మరో యంత్రం కొన్నంత అయినట్టే. ఇక్కడే డిస్క్ విలువ తెలుస్తుంది. డిస్క్ మీద కొన్న ఆటను ముగించాక స్నేహితుడికి ఇచ్చి అతని డిస్క్ తెచ్చుకోవచ్చు, పాత సరుకు దుకాణంలో అమ్మవచ్చు, అన్న ఆడినది తమ్ముడికి మిగులుతుంది. డిస్క్ లేని యంత్రంలో ఇంటర్నెట్ ద్వారా కొన్న ఆట కొన్నవారి ఖాతాకే అతుక్కొని ఉంటుంది, పైగా యాభై, నూరు గిగాబైట్ల ఆటను మొబైల్ డేటా మీద దింపుకోవడం రోజుల తరబడి సాగే పని. పదివేల ఇళ్లు పక్కపక్కనే ఉన్న గోదూతాయి కాలనీలో పది కుటుంబాల పిల్లలు తలా ఒక డిస్క్ కొని మార్చుకుంటే అందరికీ పది ఆటలు దక్కుతాయి. ఈ లాభం డిస్క్ ఉన్న హోమ్ కన్సోల్‌కు ఉంది, స్విచ్ ఆటలు వచ్చే చిన్న కార్డులకు కొంత ఉంది, ఆలై వంటి వాటికి లేదు.

వారం వారం పగారు మీద నడిచే ఇంట్లో ఇంత మొత్తం ఒక్కసారిగా ఉండదు కనుక వాయిదాల మాట వస్తుంది. దుకాణం ఇచ్చే వాయిదా పథకానికి జీతం రుజువు అడగవచ్చు, అది లేనివారు బచత్ గట్ నుంచి, అంటే మహిళల పొదుపు సంఘం నుంచి, తీసుకోవాలనుకుంటారు. ఆ అప్పు ఇల్లాలి పేరు మీద ఉంటుంది, వాయిదా ఆమె చుట్టే బీడీల నుంచి పోతుంది. ప్రసవానికో, ఆస్పత్రికో, బడి ఫీజుకో ఉపయోగపడవలసిన ఆ అవకాశాన్ని ఆటయంత్రం కోసం వాడటం ఎంతమాత్రం తగదు. డబ్బు కూడే దాకా ఆగడమే మంచిది, ఆగిన కొద్దీ యంత్రాల పాత మోడళ్లు చవకగా దొరకవచ్చు కూడా.

ఆట ఎంతమందిది అన్న ప్రశ్నకు ఈ యంత్రాల చరిత్రలోనే కొంత సమాధానం ఉంది. రాల్ఫ్ బేయర్ ఆలోచన నుంచి పుట్టి 1972లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ, టీవీకి తగిలించే మొదటి ఆటయంత్రం. దానితో ఇద్దరు ఆడేవారు. జపానులో 1983లో నింటెండో తెచ్చిన ఫామికామ్ యంత్రానికి రెండు కంట్రోలర్లను ఊడదీయరాకుండా తీగలతో కలిపే ఇచ్చారు, అంటే ఆ యంత్రం ఇంట్లో కనీసం ఇద్దరు ఆడతారన్న నమ్మకంతోనే తయారైంది. ఇప్పటి ప్లేస్టేషన్ 5 పెట్టెలో ఒక్క కంట్రోలరే ఉంటుంది, రెండవదానికి విడుదలనాడే 5,990 రూపాయలు అడిగారు. కొనేవారు ఈ మొత్తాన్ని మొదటినుంచే ధరలో కలిపి లెక్కించాలి, లేకపోతే నలుగురు పిల్లల ఇంట్లో ఒకరు ఆడుతూ ముగ్గురు చూస్తూ ఉండే యంత్రం వస్తుంది.

చేతి యంత్రం ఒంటరి ఆటకే పరిమితమని అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. గున్‌పేయ్ యోకోయ్ బృందం రూపొందించి 1989లో విడుదలైన నింటెండో గేమ్ బాయ్, రంగుల్లేని తెరతో, నాలుగు మామూలు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచింది. మరుసటి ఏడు వచ్చిన సెగా గేమ్ గేర్ రంగుల తెర చూపినా ఆరు బ్యాటరీలను మూడు నుంచి ఐదు గంటల్లో తినేసింది, అమ్మకాల్లో గేమ్ బాయ్ దరిదాపులకు రాలేదు. బొమ్మ అందం కన్నా ఆట ఆగకుండా సాగడమే కొనేవారికి ముఖ్యమని తేల్చిన ఈ ఉదాహరణ, యోకోయ్ పాత చవక విడిభాగాలను కొత్త పనికి వాడాలన్న పట్టుదలకు దక్కిన ఫలం. రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలిపి ఇద్దరు పోటీ పడవచ్చు, కాని అందుకు రెండు యంత్రాలు కొనాలి. స్విచ్ ఈ చిక్కును తెలివిగా విప్పింది. దాని రెండు పక్కలా ఉన్న మీటల ముక్కలను ఊడదీసి చెరొకటి పట్టుకొని, యంత్రాన్ని నేల మీద నిలబెట్టి, ఇద్దరు ఒకే చిన్న తెర మీద ఆడవచ్చు.

తెలుగువారికి ఈ యంత్రాలతో మరో సంబంధం ఉంది. హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ తయారు చేయగా సోనీ 2009లో మొదలుపెట్టి ప్రచురించిన దేశీ అడ్డా అనే ఆట, గిల్లీదండా, కబడ్డీ, గాలిపటాల వంటి వీధి ఆటలను తెరకెక్కించి, టీవీకి తగిలించే ప్లేస్టేషన్ 2కూ, చేతిలో పట్టే పీఎస్‌పీకీ వచ్చింది. అదే ఏడాది హైదరాబాదులోనే అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన హనుమాన్ బాయ్ వారియర్ ప్లేస్టేషన్ 2 మీద వెలువడింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే కుంభారి పిల్లలకు ఇంగ్లీషు వాక్యాలు చదివితే గాని ముందుకు సాగని కథా ఆటలు అంత త్వరగా అందవు. బొమ్మను చూసి నియమం తెలుసుకోగలిగే క్రికెట్, ఫుట్‌బాల్, కారు పందేల ఆటలు ఆ అవసరాన్ని దాటేస్తాయి. తెలుగు మాటలతో, తెలుసున్న ఆటలతో యంత్రాలు నిండవలసిన రోజులు ఇంకా రాలేదు, హైదరాబాదులో ఆ పని తెలిసినవారు ఉన్నా కూడా.

మొబైల్ ఫోన్ ఉండగా వేరే యంత్రం ఎందుకన్న ప్రశ్న సమంజసమైనదే. ఇండియాలో ఆడేవారిలో ఎక్కువమంది ఆడేది ఫోన్ మీదే. అయితే ఉచితంగా దొరికే ఫోన్ ఆటలు చాలావరకు లోపల దుస్తులూ ఆయుధాలూ అమ్మి సంపాదిస్తాయి, తండ్రి ఫోన్‌లో డబ్బు చెల్లించే యాప్ ఉంటే పిల్లవాడి చేతికి ఇంటి పర్సు ఇచ్చినట్టే అవుతుంది. ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించినట్టు ఏ ఆటనైనా నిషేధిస్తే అందులో కొన్న వస్తువులు కొన్నవారికి అందకుండా పోవచ్చు. ఒక్కసారి డబ్బు కట్టి ఆటను పూర్తిగా సొంతం చేసుకునే పద్ధతి ఇంకా బలంగా మిగిలింది ఈ యంత్రాల మీదే కనుక, వేరే యంత్రం కోసం ఆలోచించడం వృథా ఖర్చు అనిపించుకోదు.

ఇంకొక విషయం మొహమాటం లేకుండా చెప్పవలసినది ఉంది. చేతిలో ఇమిడే యంత్రం ఎవరి జేబులో ఉంటే వారిదవుతుంది, కార్మికుల ఇళ్లలో అది దాదాపు ఎప్పుడూ కొడుకు జేబే. బడి నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చొని ఆకు కత్తిరించే కూతురికి ఆ యంత్రం మీద ఒక గంట దక్కుతుందో లేదో కొనేముందే ఇంటి పెద్దలు తేల్చాలి. టీవీకి తగిలించే యంత్రం అందరి ఎదుట ఉంటుంది, వంతులు అందరికీ తెలుస్తాయి, కంట్రోలర్‌ను ఒకరి నుంచి మరొకరు అడిగి తీసుకోవచ్చు. హోమ్ కన్సోల్ వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణం.

వీటన్నిటినీ తూచి చూస్తే, తల్లి గాని నాయనమ్మ గాని టీవీ ఎదుట బీడీలు చుట్టే ఇంటికి, స్విచ్ వంటి రెండు విధాలుగా ఆడగల యంత్రం సరైనది. సాయంత్రాలు చేతిలో, టీవీ ఖాళీ అయిన సెలవు రోజు తెర మీద నడిచే ఆ యంత్రాన్ని బిల్లు ఇచ్చి, మరమ్మతుకు తానే జవాబు చెబుతానని రాసిచ్చే దుకాణంలోనే కొనాలి. బీడీల పని లేని ఇంటికి, ఇద్దరు ముగ్గురు పిల్లలున్నచోట, కొత్త యంత్రం కన్నా డిస్క్ రంధ్రం ఉన్న పాత ప్లేస్టేషన్ 4ను రెండు కంట్రోలర్లతో తీసుకోవడం మేలు. తరువాత ఎప్పుడైనా డిస్క్ రకం ప్లేస్టేషన్ 5 కొన్నా ప్లేస్టేషన్ 4 డిస్కులు దాదాపు అన్నీ దాని మీద నడుస్తాయి. పాత యంత్రం కొనేటప్పుడు డబ్బు చేతికివ్వకముందే సొంత డిస్క్ ఒకటి పెట్టించి కనీసం అరగంట ఆడి చూడాలి. ఫ్యాను మోత అంతకంతకూ పెరిగితే లోపల నూగు పేరుకుందని అర్థం. కంట్రోలర్ బొటనవేలి కర్రను ముట్టకపోయినా తెర మీద బొమ్మ దానంతట అదే పక్కకు జరిగితే ఆ కర్ర అరిగిందని అర్థం. పాత యజమాని ఖాతాను అతని చేతనే తొలగింపజేసి, యంత్రాన్ని మొదటి స్థితికి తెప్పించుకున్నాకే ఇంటికి తేవాలి.